పక్కవాడికి ఇచ్చేయడమే రౌటర్ పని

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. నెట్‌వర్క్ పనిలోకి దిగాక రిప్, ఓఎస్‌పీఎఫ్, బీజీపీ అంటూ, రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతుల పేర్లన్నీ ఒకేసారి మీద పడేసరికి టెన్షన్‌గా ఉందన్నారు. ఆ పేర్లను కాసేపు పక్కన పెట్టండి. ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే అవన్నీ దాని వెనకే వస్తాయి. ప్యాకెట్‌ను (నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్కను) గమ్యం దాకా చేర్చే బాధ్యత ఏ ఒక్క రౌటర్‌దీ కాదు. "ఈ అడ్రస్‌కైతే ఈ పక్కవాడికి ఇచ్చెయ్యి" అన్నంతవరకే దాని పని. ఇచ్చేశాక ఆ ప్యాకెట్ ఊసే పట్టదు. తర్వాతి రౌటర్ మళ్లీ తన టేబుల్, అంటే ఏ అడ్రస్‌కు ఎటు పంపాలో రాసుకున్న పట్టిక, తను చూసుకుంటుంది.

ఆ చూసుకోవడం ఎలా ఉంటుందంటే, ఒక రౌటర్ టేబుల్‌లో మూడు రూట్లు ఉన్నాయనుకోండి: 10.0.0.0/8 ఒక లింక్ మీద, 10.20.0.0/16 ఇంకో లింక్ మీద, ఏదీ కుదరకపోతే పంపడానికి డిఫాల్ట్ రూట్ 0.0.0.0/0 మూడో లింక్ మీద. గీత తర్వాతి అంకె, అడ్రస్‌లో మొదటి ఎన్ని బిట్లు కలవాలో చెబుతుంది. ఇలా రాసిన అడ్రస్‌ల గుంపునే ప్రిఫిక్స్ అంటారు. 10.20.5.9కి వెళ్లాల్సిన ప్యాకెట్ వచ్చింది. నిజానికి మూడూ సరిపోతాయి. అయినా /16దే పైచేయి, ఎందుకంటే అడ్రస్‌లో ఎక్కువ బిట్లు కలిసింది దానికే. దీన్నే లాంగెస్ట్ ప్రిఫిక్స్ మ్యాచ్ అంటారు. టేబుల్‌లో ఏది పైన ఉంది, ఏ లింక్ వేగం ఎంత అన్న ప్రశ్నే ఇక్కడ రాదు.

కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. సిస్కో రౌటర్లలో స్టాటిక్ రూట్‌కు (మనం చేత్తో రాసేదానికి) 1, ఓఎస్‌పీఎఫ్‌కు 110, రిప్‌కు 120 అని అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్, అంటే ఎవరి మాట ఎంత నమ్మాలో చెప్పే అంకె ఉంటుంది. తక్కువ ఉన్నదాన్నే నమ్ముతుంది. అది చదివి, స్టాటిక్ రాస్తే ఎప్పుడూ అదే గెలుస్తుందనుకుంటారు. గెలవదు. ఆ అంకెల పోటీ ఒకే ప్రిఫిక్స్‌ గురించి ఇద్దరు చెప్పినప్పుడే. మీరు /16కి స్టాటిక్ రాశాక రిప్ నుంచి అందులోని ఒక /24 వస్తే, ఆ /24కి వెళ్లే ట్రాఫిక్ రిప్ చెప్పిన వైపే పోతుంది.

ఈ ఒక్క నియమం ఎంత పని చేయగలదో 2008 ఫిబ్రవరి 24న ప్రపంచం చూసింది. పాకిస్తాన్‌లో యూట్యూబ్‌ను ఆపేయమని ఆదేశం వస్తే, పాకిస్తాన్ టెలికాం తన లోపలి వాడకం కోసం 208.65.153.0/24 అనే రూట్ పుట్టించింది. అది బీజీపీ ద్వారా బయటికి పొక్కింది. పైనున్న ప్రొవైడర్ వడపోయకుండా ముందుకు పంపేశాడు. యూట్యూబ్ అప్పటికి ప్రకటిస్తున్నది 208.65.152.0/22. /24 ముందు /22 నిలవదు కదా, ఎక్కడెక్కడి ట్రాఫికో అటు మళ్లింది. యూట్యూబ్ వాళ్లు కూడా అదే /24 ప్రకటించారు, అదీ చాలక రెండు /25లు ప్రకటించారు. చివరికి ఆ ప్రొవైడర్ రూట్లు వెనక్కి తీసుకున్నాక గానీ పూర్తిగా సర్దుకోలేదు. రెండు గంటలకు పైగానే పట్టింది. ఏ రౌటరూ చెడిపోలేదు, అన్నీ నియమం ప్రకారమే నడిచాయి. అందుకే మీ కస్టమర్ నుంచో, పక్క నెట్‌వర్క్ నుంచో బీజీపీ తీసుకునేటప్పుడు ప్రిఫిక్స్ ఫిల్టర్ (ఏ ప్రిఫిక్స్‌లు ఒప్పుకోవాలో చెప్పే జల్లెడ) పెట్టకుండా సెషన్ లేపకండి. రేపు చేద్దాంలే అనుకునే పని కాదది.

మరి టేబుల్‌లోకి రూట్లు ఎలా వస్తాయి? రిప్ పద్ధతి అచ్చంగా చెప్పుడు మాటలే. ఏ, బీ, సీ అని మూడు రౌటర్లు వరసగా ఉన్నాయి. సీ వెనక ఒక నెట్‌వర్క్ ఉంది. అది బీకి 2 అడుగుల దూరం, ఏకి 3 (అడుగంటే దారిలో ఒక మజిలీ, హాప్). బీ, సీల మధ్య లింక్ తెగింది. బీ ఆ కబురు చెప్పేలోపే ఏ నుంచి మామూలుగా వచ్చే అప్‌డేట్ వచ్చింది: "ఆ నెట్‌వర్క్ నాకు 3 అడుగుల్లో ఉంది." ఏ ఆ మాట విన్నది తన దగ్గరే అని బీకి తెలియదు. అయితే నాకు 4 అని రాసుకుంది. అది విని ఏ 5 అంటుంది, బీ 6 అంటుంది. 30 సెకన్లకోసారి వెళ్లే అప్‌డేట్లతో అలా పెరుగుతూ 16కి చేరితే గానీ ఇద్దరికీ బుద్ధి రాదు. రిప్‌లో 16 అంటే దారి లేదని అర్థం. అందాకా ప్యాకెట్లు ఆ ఇద్దరి మధ్యే తిరుగుతుంటాయి. ఎవరి దగ్గర విన్నానో వాళ్లకే తిరిగి చెప్పను అనే స్ప్లిట్ హొరైజన్ ఈ తంతుకు అడ్డుకట్ట వేస్తుంది గానీ, ముగ్గురు చుట్టూ తిరిగి కలిసి ఉంటే అదీ చాలదు. చిన్న ల్యాబ్‌లో నేర్చుకోవడానికి రిప్ బాగుంటుంది. కొత్త నెట్‌వర్క్‌లో పెట్టమంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఓఎస్‌పీఎఫ్‌లో ఒకరి లెక్క ఒకరు నమ్మరు. ఎవరి లింకులు ఎలా ఉన్నాయో ఏరియా (నెట్‌వర్క్‌లో విడదీసిన ఒక భాగం) అంతా పంచుకుని, అందరూ ఒకే మ్యాప్ గీసుకుంటారు. దాని మీద ఎవరికి వారు డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతిలో దగ్గరి దారి లెక్కేస్తారు. మరి దారంతా తెలిసినట్టే కదా అంటారేమో. ఆ ఏరియా వరకు తెలుసు, కానీ ప్యాకెట్‌ను మాత్రం పక్కవాడికే ఇవ్వాలి. ఇద్దరి మ్యాప్‌లూ ఒకటిగా ఉన్నంతసేపే అది సవ్యంగా సాగుతుంది. పక్కవాడితో నైబర్‌షిప్ కుదరకపోతే హలో, డెడ్ టైమర్లు (ఎంతసేపటికోసారి పలకరించాలి, ఎంతసేపు పలకకపోతే పోయాడనుకోవాలి; మామూలుగా 10, 40 సెకన్లు) రెండు వైపులా ఒకటేనా చూడండి. ఎక్స్‌స్టార్ట్ అనే దశలో ఇరుక్కుంటే ఎంటీయూ (లింక్ మీద పోగల అతిపెద్ద ప్యాకెట్ సైజు) చూడండి.

లింక్ తెగిన క్షణాల్లో మ్యాప్‌లు తేడాగా ఉండి ప్యాకెట్ గిరగిరా తిరిగినా నెట్‌వర్క్ మునిగిపోదు. ప్రతి ఐపీ ప్యాకెట్‌లో టీటీఎల్ అని 8 బిట్ల అంకె ఉంటుంది, 255కు మించదు. ప్రతి రౌటర్ ఒకటి తగ్గిస్తుంది. సున్నా అయితే పారేసి, పంపినవాడికి ఐసీఎంపీలో (ఇలాంటి కబుర్లు మోసే పద్ధతిలో) కబురు పెడుతుంది. ఆ కబురునే నెట్‌వర్క్ పరిశోధకుడు వాన్ జేకబ్సన్ పనిముట్టుగా మార్చారు. టీటీఎల్ 1, తర్వాత 2, తర్వాత 3 అని పెంచుతూ పంపితే ఎక్కడ ఆగిపోయిందో అక్కడి రౌటర్ తన అడ్రస్ తనే చెప్పుకుంటుంది. అదే ట్రేస్‌రూట్. మధ్యలో నక్షత్రం గుర్తులు (*) వచ్చి, తర్వాతి వరసలు మామూలుగా కనిపిస్తే కంగారు పడకండి. ఆ రౌటర్ ప్యాకెట్లు పంపుతూనే ఉంది, మీకు జవాబివ్వడమే మానేసింది.

ట్రేస్‌రూట్ చూపేది పోయే దారి. వచ్చే దారి వేరే కావచ్చు, అసలు లేకనూ పోవచ్చు. "రౌటర్ నుంచి సర్వర్‌కు పింగ్ పోతోంది, పీసీ నుంచి పోవడం లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉండేది ఇదే. పింగ్ అంటే జవాబు వస్తుందో లేదో చూడటానికి పంపే పరీక్ష ప్యాకెట్. మీ రౌటర్ వెనక 10.20.5.0/24 అనే కొత్త నెట్‌వర్క్ వచ్చింది. సర్వర్ ఉన్న వైపు, అవతలి రౌటర్‌తో కలిపే లింక్ మీద మీ వైపు అడ్రస్ 10.1.1.1. రౌటర్ మీద కూర్చుని పింగ్ కొడితే ప్యాకెట్ 10.1.1.1 పేరుతో బయల్దేరుతుంది. అవతలి రౌటర్‌కు అది తన పక్క లింకే కాబట్టి జవాబు చక్కగా తిరిగి వస్తుంది. పీసీ కొట్టిన పింగ్ 10.20.5.9 పేరుతో వెళ్తుంది. సర్వర్ దాకా చేరుతుంది, సర్వర్ జవాబూ ఇస్తుంది, కానీ అవతలి రౌటర్‌కు 10.20.5.0/24 ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. జవాబును డిఫాల్ట్ రూట్ పట్టించి ఇంకెటో పంపేస్తుంది. ఇవతల మీరేమో ఫైర్‌వాల్‌ను తిట్టుకుంటూ కూర్చుంటారు.

అందుకని ఇకమీదట రౌటర్ నుంచి పింగ్ కొట్టేటప్పుడు సోర్స్ అడ్రస్‌గా ఆ కొత్త నెట్‌వర్క్ వైపు ఇంటర్‌ఫేస్‌ను ఇచ్చి కొట్టండి. అప్పుడు కూడా జవాబు రాకపోతే ముందు అవతలి రౌటర్‌లో లాగిన్ అయి, అక్కడి టేబుల్‌లో 10.20.5.0/24 ఉందో లేదో చూడండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న