ఆరు రంధ్రాలూ, కొబ్బరి మొవ్వూ

చిరంజీవులైన చిన్నోడికీ, బుజ్జమ్మకీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నానమ్మ మోకాలినొప్పి కాస్త తగ్గింది. సార్వా కోతలు సగం అయ్యాయి, తుఫానుకి పడిపోయిన చేలల్లో మిషను దిగక మనుషులతోనే కోయిస్తున్నారు.

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగిన మాట నాలుగు రోజులుగా నా బుర్రలోనే తిరుగుతోంది. "తాతయ్యా, ఇరాన్‌లో ఆ కొండమీద అంతంత బాంబులు పన్నెండు వేశారట కదా, ఉపగ్రహం బొమ్మలో ఆరు చిన్న రంధ్రాలే ఉన్నాయేంటి? కొండ అలాగే ఉందిగా!" అన్నాడు. క్లాసులో సగం మంది అంతా బూడిదైపోయిందనీ, సగం మంది అసలేమీ కాలేదనీ వాదించుకుంటున్నారని బుజ్జమ్మ చెప్పింది. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. పైగా ఆ పనితో నాకు సంబంధం ఉంది. వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా నేను ఏళ్ల తరబడి చేసింది నష్టం అంచనాలే.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమను ఊడ్చేసింది. ఆ తర్వాత తోటలు లెక్కపెట్టడానికి తిరిగిన బృందాల్లో నేనూ ఉన్నాను. కూలిన కొబ్బరిచెట్టు నష్టం, నిలబడ్డ చెట్టు బాగున్నట్టు. అలా రాసుకుంటూ పోయాను. ఒక ముసలి రైతు నా వెనకాలే వస్తూ, "మొవ్వు చూడండి బాబూ, మొవ్వు తిరిగిపోయింది" అంటూనే ఉన్నాడు. మొవ్వంటే చెట్టు నడినెత్తిన కొత్త మట్ట పుట్టే లేత చిగురు, అది పోతే చెట్టే పోతుంది. పైన మట్టలు పచ్చగా ఊగుతున్నాయి. పొద్దుపోతోంది, ఇంకా రెండు ఊళ్లు ఉన్నాయి, చెట్టు ఎక్కించి చూడలేదు. కొన్ని నెలలకి ఆ తోటలో చెట్లు ఒక్కొక్కటే తల వేలాడేసి మోడులయ్యాయి. ఆయనకు పరిహారం రాలేదు. ఆ కాగితం మీద సంతకం నాది.

ఇప్పుడు ఇరాన్‌లో నతాంజ్ అనే అణుకేంద్రం సంగతి వినండి. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ దాడులు మొదలుపెట్టినప్పుడు నతాంజ్‌లో నేలమీదున్న యురేనియం శుద్ధి కర్మాగారం ధ్వంసమైంది, కరెంటు సబ్‌స్టేషన్ కాలిపోయింది. ఇవి ఉపగ్రహం తీసిన బొమ్మల్లో స్పష్టంగా కనిపించాయి. వేల సెంట్రిఫ్యూజులున్న అసలు హాళ్లు మాత్రం భూమి కింద ఉన్నాయి. ఆ మొదటి రోజు బొమ్మల్లో వాటి పైనున్న నేలకి దెబ్బ తగిలిన గుర్తు లేదు. అయినా రెండు మూడు రోజులకే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి రాఫెల్ గ్రోసీ, కింద యంత్రాలు తీవ్రంగా దెబ్బతిని ఉండవచ్చని చెప్పారు. ఎలా చెప్పగలిగారు? సెంట్రిఫ్యూజు అంటే యురేనియం శుద్ధి చేయడానికి విపరీతమైన వేగంతో తిరిగే సన్నటి గొట్టం. కరెంటు ఒక్కసారిగా పోతే అది నెమ్మదిగా, పద్ధతిగా ఆగదు. అదిరి, ఒరుసుకుని పాడవుతుంది. నేల పచ్చగానే ఉంది, మొవ్వు తిరిగిపోయిందన్నమాట. గ్రోసీ గారు మొవ్వు గురించి ఆలోచించారు, నేను ఆలోచించలేదు.

ఇక చిన్నోడి ఆరు రంధ్రాలు. ఆ చోటు పేరు ఫోర్దో, అదీ ఇరాన్ యురేనియం శుద్ధి చేసే చోటే. అక్కడి హాలు కొండ కింద 80, 90 మీటర్ల లోతున ఉంటుందని నిపుణుల అంచనా. అంటే మన పెరట్లో పొడుగు కొబ్బరిచెట్లు నాలుగు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత. జూన్ 22న అమెరికా అక్కడ వేసిన బాంబు ఒక్కొక్కటి 13 టన్నులకు పైనే. అది నేలను తాకగానే పేలదు. బరువైన ఉక్కు ములుకులా లోపలికి దిగి, అక్కడ పేలుతుంది. కాబట్టి పైన మిగిలేది పెద్ద గొయ్యి కాదు, ములుకు దిగిన గుర్తు. మర్నాటికే వచ్చిన బొమ్మల్లో కొండ వెన్ను మీద మూడేసి చొప్పున రెండు చోట్ల రంధ్రాలు, చుట్టూ వాలంతా పరుచుకున్న బూడిద రంగు దుమ్ము కనిపించాయి. పన్నెండుకి ఆరే ఎందుకన్న దానికి నాలుగు రోజుల తర్వాత అమెరికా సైన్యం జవాబు చెప్పింది: రెండు గాలి గొట్టాల మీద ఆరేసి బాంబులు గురిపెట్టామనీ, మొదటిది కాంక్రీటు మూతను పగలగొడితే వెనకవి అదే దారిలో దిగాయనీ.

జాగ్రత్తగా చూడండి, ఇందులో మూడు రకాల మాటలున్నాయి. ఆరు రంధ్రాలు "ఉన్నాయి", అది కన్ను చూసింది. ఒకే దారిలో దిగాయ"ట", అది వేసినవాళ్లు చెప్పింది. లోపల యంత్రాలు పాడై "ఉండాలి", అది మనం లెక్కకట్టింది. మన తెలుగులో క్రియ చివర ఒక్క ముక్క మారితే చాలు, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిపోతుంది. బుజ్జమ్మా, మీ క్లాసులో రెండు జట్లవాళ్లూ ఆ చివరి ముక్కని వదిలేసి కొట్టుకుంటున్నారు. జూన్ 23న గ్రోసీ తన సంస్థ బోర్డుకి చెప్పిన మాట కూడా ఈ హద్దులోనే ఉంది. సెంట్రిఫ్యూజులు అదురుకి తట్టుకోలేవు కాబట్టి చాలా పెద్ద నష్టమే జరిగి ఉండాలనీ, అయితే భూమి కింద నష్టాన్ని పూర్తిగా అంచనా వేసే స్థితిలో ప్రస్తుతం ఎవరూ లేరనీ అన్నారు. అంత గొడవలో, అన్ని దేశాలు ఎవరి మాట వాళ్లు అరుస్తున్నప్పుడు అలా మాట్లాడటానికి గుండె కావాలి.

బొమ్మ ఎంత చూడగలదో లెక్కలో చెబుతాను. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహం బొమ్మల్లో ఒక్కో చుక్క 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు. అంటే దాదాపు రెండున్నర సెంట్ల స్థలం ఒక్క చుక్క. మన ఇల్లు మొత్తం అందులో ఒకటి రెండు చుక్కలు. మన ఇస్రో 2019లో పంపిన కార్టోశాట్-3కి చుక్క 25 సెంటీమీటర్లే, ఒక్క సెంటులో ఆరు వందలకు పైగా చుక్కలు పడతాయి. అందులో లారీకీ కారుకీ తేడా తెలుస్తుంది. సెంటినెల్‌లో ఫోర్దో రంధ్రం విడిగా తెలియకపోవచ్చు గానీ కొండవాలు రంగు మారడం తెలుస్తుంది. ఒక్కోసారి రంగే చాలు. 2020 జూన్‌లో టెహ్రాన్ తూర్పున రాత్రిపూట పెద్ద పేలుడు జరిగింది. పార్చిన్ సైనిక కేంద్రం దగ్గర గ్యాస్ ట్యాంకు పేలిందని అధికారులన్నారు. తర్వాత వచ్చిన బొమ్మల్లో మాత్రం వందల మీటర్ల మేర నల్లగా కాలిన పొదలు ఖోజిర్ దగ్గర ఉన్నాయి. ఖోజిర్ క్షిపణులు తయారుచేసే చోటు.

క్షిపణుల చోట్లలో ఏ కప్పు కూలిందన్నది ముఖ్యం. ఇది మన జిల్లా పిల్లలకి తేలిగ్గా అర్థమవుతుంది. బాణసంచా తయారుచేసే చోట మందు కలిపే షెడ్డు మిగతావాటికి దూరంగా, విడిగా ఉండాలి కదా, ఒకటి అంటుకుంటే రెండోదానికి పాకకూడదని. ఘన ఇంధనం క్షిపణుల దగ్గరా అంతే. ఇంధనం కలిపే భవనాన్ని దూరంగా కట్టి చుట్టూ మట్టిగట్టు పోస్తారు. ఆ గట్టే పైనుంచి చూసేవాడికి ఆనవాలు. 2024 అక్టోబరు 26న ఇజ్రాయెల్ చేసిన దాడుల తర్వాత పార్చిన్, ఖోజిర్ బొమ్మలు చూసిన నిపుణులు కూలింది ఈ కలిపే భవనాలేనని గుర్తుపట్టారు. అక్కడ వాడే పెద్ద మిక్సర్లు అంగట్లో దొరికేవి కావు. అందుకే నాలుగు కప్పులు కూలడం నలభై కప్పులు కూలడం కన్నా పెద్ద దెబ్బ కావచ్చు. ఎన్ని ఎకరాలు మునిగాయని అడిగేవాళ్లతో నేను ఎప్పుడూ చెప్పేది ఇదే: నారుమడి మునిగిందా, ఈనిన చేను మునిగిందా, అది ముందు చెప్పండి.

మరి నేల కింద హాళ్లున్నాయని అసలు ఎలా తెలిసింది? పాత బొమ్మల వల్ల. నతాంజ్ హాళ్లని 2002లో కడుతుండగా, ఇంకా మట్టి కప్పకముందే ఉపగ్రహాలు చూశాయి. గోడల కొలతలు అప్పుడే దొరికాయి. సొరంగాలైతే బయట పోసిన మట్టికుప్పని కొలుస్తారు. చెరువు గట్టు చూసి ఎంత లోతు తవ్వారో మన చేపల చెరువుల వాళ్లు చెప్పేస్తారే, అలా. దాడి తర్వాతి బొమ్మ ఒక్కటే చేతిలో పెడితే ఎంత గొప్ప నిపుణుడైనా తడబడతాడు. దాని పక్కన పదేళ్ల బొమ్మలు వరసగా ఉండాలి.

రాత్రీ మబ్బూ అడ్డమైతే రాడార్ ఉపగ్రహాలున్నాయి. అవి తామే రేడియో అల పంపి, తిరిగొచ్చినదాన్ని అందుకుంటాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, ఆకాశం తెరిపివ్వకపోయినా లంకల్లో ఎంతమేర నీళ్లున్నాయో చూపగలిగేవి ఇలాంటి బొమ్మలే. నిలవనీరు అలని పక్కకి తోసేస్తుంది కాబట్టి బొమ్మలో నల్లగా పడుతుంది. రాడార్‌తో ఇంకో గొప్ప పని చేయవచ్చు. ఒకే దారిలో రెండుసార్లు వెళ్తూ తీసిన బొమ్మల్ని పోలిస్తే నేల ఎంత జరిగిందో తేలుతుంది. 2017 సెప్టెంబరు 3న ఉత్తర కొరియా కొండ కింద అణుపరీక్ష చేసినప్పుడు ఆ కొండ కొన్నిచోట్ల మూడున్నర మీటర్ల దాకా జరిగిందనీ, అర మీటరు కుంగిందనీ శాస్త్రవేత్తలు ఇలాగే తేల్చారు. కొండ లోపలికి ఎవరూ వెళ్లలేదు. అది చదివిన రోజు నాకు ఒళ్లు ఝల్లుమంది.

అంత గొప్ప కన్ను కూడా ఒక లారీ ముందు ఆగిపోతుంది. జూన్ 19న ఫోర్దో సొరంగం దారిలో 16 లారీలు వరసగా నిలబడ్డ బొమ్మ ఉంది. యురేనియం తరలించారని కొందరు, సొరంగం నోళ్లు పూడ్చడానికి మట్టి తెచ్చారని కొందరు. నోళ్ల దగ్గర మట్టి పోసి ఉండటం కనిపించింది, లారీ లోపల ఏముందో కనిపించలేదు. అప్పటికి ఇరాన్ దగ్గర 60 శాతం శుద్ధి చేసిన యురేనియం సుమారు 440 కిలోలుంది. అది చిన్న సిలిండర్లలో పట్టే సరుకు. అంతరిక్షం నుంచి ఏ కంటికీ అది దొరకదు.

లారీని చూసి తొందరపడితే ఏమవుతుందో మీ నాన్న చదువుకునే రోజుల్లో లోకమంతా చూసింది. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో ఇరాక్ బంకర్ల బొమ్మలు చూపించి, పక్కనున్న వాహనం రసాయన ఆయుధాల కాలుష్యాన్ని కడిగేదన్నాడు. యుద్ధం వచ్చింది. ఆ ఆయుధాల నిల్వలు దొరకలేదు. బొమ్మ అబద్ధమాడలేదు. అందులో నిజంగానే ఒక వాహనం ఉంది. "ఉండాలి" అనాల్సిన చోట "ఉంది" అన్నారు, అంతే, దేశం కాలిపోయింది.

అందుకే చివరికి ఎవరో ఒకరు మట్టిలో దిగాలి. 2007 సెప్టెంబరులో సిరియాలో రహస్య అణు రియాక్టరని అనుమానించిన ఒక చదరపు భవనం మీద ఇజ్రాయెల్ బాంబులు వేసింది. నెల పైచిలుకులోనే అక్కడ చదును చేసిన నేల తప్ప ఏమీ లేదని బొమ్మలు చూపించాయి. మరుసటి ఏడాది తనిఖీదార్లు వెళ్లి మట్టి నమూనాలు తెచ్చాకే అందులో యురేనియం రేణువులు దొరికాయి. ఫోర్దో, నతాంజ్, అలాగే ఇరాన్‌లో ఇంకో అణుకేంద్రమైన ఇస్ఫహాన్‌లలో దెబ్బతిన్న చోట్లకి ఈ ఉత్తరం రాసే నాటికి, అంటే 2025 చివరికి, తనిఖీదార్లు ఇంకా అడుగుపెట్టలేదు. ఇంకో సంగతి కూడా బొమ్మలో ఉండదు. ఇరాన్ ప్రభుత్వ లెక్కలో ఆ జూన్ యుద్ధం నడిచిన పన్నెండు రోజుల్లో వెయ్యి మందికి పైగా పోయారు, ఇజ్రాయెల్‌లోనూ క్షిపణులు పడి ఇళ్లలోని జనం చనిపోయారు. కప్పుకి పడ్డ రంధ్రం చూసినప్పుడల్లా ఆ కప్పు కింద మనుషులున్నారేమోనని అనుకోండి. నేను అనుకోకుండా ఉండలేను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక పని చేసుకురండి. సెంటినెల్ బొమ్మలు ఉచితం, మీ నాన్న ల్యాప్‌టాప్‌లో దింపిపెడతాడు. ఈ 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, దానికి ముందుదొకటీ, తర్వాతదొకటీ మన ఊరివి తెండి. మబ్బు లేని రోజు చూసుకోండి. ఏ చేను పడింది, ఏ తోట నిలబడిందని మీకు తోచిందో మీరిద్దరూ విడివిడిగా రాయండి, క్రియ చివరి ముక్క మర్చిపోకుండా. భోగి మర్నాడు ముగ్గురం కాలవగట్టు మీదుగా నడిచి వెళ్దాం. మన తోటలో దక్షిణపు వరసలో మూడో చెట్టు నాకు అనుమానంగా ఉంది. మట్టలు పచ్చగానే ఉన్నాయి. దింపులు తీసే అతన్ని ఆ రోజు రమ్మని చెప్పి ఉంచాను, ఎక్కి మొవ్వు చూసి చెబుతాడు.

మీ తాతయ్య