సంఘంలో వేదాంత విద్య, స్వేచ్ఛా లైసెన్సు పాఠాలు: అపోహలు - వాస్తవాలు

క్రైస్తవ సంఘ పెద్దలకూ, కొత్తగా సేవలోకి వస్తున్నవాళ్ళకూ సంఘంలోనే వేదాంత (థియాలజీ) పాఠాలు చెప్పే పని నాది. సొంతంగా రాసేవి తక్కువ. ఎవరో రాసినవి తెచ్చి, అనువదించి, మా వాళ్ళకు ఎక్కేలా మార్చి చెప్పడమే ఎక్కువ. అందుకే త్రిత్వం గురించి ఎంత మాట్లాడతానో, కాపీరైట్ గురించీ ఇంచుమించు అంతే మాట్లాడాల్సి వస్తోంది. కింద రాసిన అపోహల్లో సగం ఒకప్పుడు నావే.

అపోహ: నెట్‌లో ఉచితంగా దొరికిందంటే ఎలాగైనా వాడుకోవచ్చు

దీనితో నా చేతులు కాలాయి. రోమా పత్రిక మీద పన్నెండు పాఠాల కోర్సు ఒకటి దొరికింది. డౌన్‌లోడ్‌కు పైసా అడగలేదు. అందరితో పంచుకోమని మొదటి పేజీలోనే రాసి ఉంది. ఇంకేం కావాలి? ముగ్గురం కూర్చుని ఏడు పాఠాలు అనువదించాం. అచ్చుకు పంపేముందు చివరి పేజీ తిరగేస్తే చిన్న అక్షరాల్లో కనబడింది: సీసీ బై-ఎన్‌డీ. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్, తన రచనను ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో రచయిత ముందే చెప్పే లైసెన్సు. ఎన్‌డీ అంటే నో డెరివేటివ్స్, ఉన్నదున్నట్టు మాత్రమే పంచాలి. అనువాదం కూడా మార్పు కిందకే వస్తుంది. నా మటుకు నేను అనువదించుకుని చదువుకోవచ్చు గానీ పదిమందికీ పంచకూడదు. అనుమతి అడుగుతూ రెండు ఉత్తరాలు రాశాం, జవాబు లేదు. ఆ ఏడు పాఠాలు ఇప్పటికీ నా కంప్యూటర్లోనే మూలుగుతున్నాయి.

వెల లేకపోవడం వేరు, అనుమతి ఉండటం వేరు. క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002లో మొదటి లైసెన్సులు విడుదల చేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఆరు. 'బై' అంటే రచయిత పేరు చెప్పాలి. 'ఎస్ఏ' అంటే మీరు మార్చి పంచేదాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి వాడకూడదు. ఆరింటిలో ఎన్‌డీ ఉన్నవి రెండు. ఆ రెండూ తప్ప మిగతా నాలుగింటిలో దేన్నైనా ఎవరినీ అడగకుండా అనువదించి పంచవచ్చు. ఏ లైసెన్సూ రాసి లేకపోతే అన్ని హక్కులూ రచయితవేనని అర్థం. పాఠం మొదటి వాక్యం చదివేలోపే లైసెన్సు చూడటం ఇప్పుడు నాకు అలవాటైపోయింది.

అపోహ: స్వేచ్ఛగా వదిలేస్తే మన పేరు పెట్టి తప్పుడు బోధ చేస్తారు

పాఠాలు రాసే ప్రతి దైవజనుడూ మొదట అడిగేది ఇదే. భయంలో న్యాయం లేకపోలేదు. కానీ లైసెన్సు పూర్తిగా చదివితే కొంత ఊరట దొరుకుతుంది. మార్పులు చేసినవాళ్ళు చేశామని చెప్పి తీరాలి. మూల రచయిత తమను ఆమోదించినట్టు చూపకూడదు. 'నా పేరు తీసేయండి' అని రచయిత కోరితే వీలైనంత వరకు తీసేయాలి.

అన్‌ఫోల్డింగ్‌వర్డ్ సంస్థ వాళ్ళ ‘ఓపెన్ బైబిల్ స్టోరీస్’ చూడండి. సృష్టి మొదలుకొని 50 కథలు, సీసీ బై-ఎస్ఏ 4.0 కింద ఇచ్చారు. అక్షరం మార్చకుండా పంచితే వాళ్ళ ట్రేడ్‌మార్కు అలాగే ఉంచాలి, అనువదించినా మార్చినా తీసేయాలి. పాఠం అందరిదీ, ముద్ర మాత్రం వాళ్ళది.

అయినా ఒక సంగతి దాచకూడదు. ఎవరైనా మీ పాఠం తీసుకుని, తమ పేరుతోనే, మీరు ఒప్పుకోని బోధ అందులో చేర్చవచ్చు. మాకు జరిగింది కూడా. బాప్తిస్మం మీద నేను రాసిన పాఠాన్ని, శిశు బాప్తిస్మం ఇచ్చే సంఘం ఒకటి తీసుకుంది. మూడో భాగం మొత్తం కొట్టేసి తమ సిద్ధాంతం రాసుకుంది. కింద మా పేరు, మూడో భాగం తమదేనన్న మాట, రెండూ పద్ధతిగా వేశారు. చదివితే కాస్త కలుక్కుమంది. కానీ మొదటి రెండు భాగాలూ వాళ్ళ పిల్లలు, పెద్దలు చదువుతున్నారు. కాపీరైట్ బిగించి ఉంటే అవీ చేరేవి కావు. అబద్ధ బోధకుణ్ణి కాపీరైట్ ఏనాడూ ఆపలేదు, వాడికి మన నోట్సుతో పనే లేదు.

అపోహ: బైబిల్ దేవుని వాక్యం, దానికి కాపీరైట్ ఏమిటి?

వాక్యం దేవునిదే, అనువాదం మాత్రం ప్రచురణకర్తది. ఎన్ఐవీ (న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్) అనే ఇంగ్లీషు బైబిల్ అనువాదాన్నే తీసుకోండి. రాతపూర్వక అనుమతి లేకుండా 500 వచనాల దాకా ఉదహరించవచ్చు. అయితే అవి బైబిల్లోని ఒక పూర్తి పుస్తకం కాకూడదు, మీ రచనలో 25 శాతానికి చేరకూడదు. రోమా పత్రికలో 433 వచనాలు. లెక్క 500 లోపే కదా అని పత్రికంతా పాఠాల్లో పెడితే నియమం తప్పినట్టే, ఎందుకంటే అది పూర్తి పుస్తకం. పైగా మన పాఠానికి మనం బై-ఎస్ఏ పెట్టినంత మాత్రాన అందులోని ఎన్ఐవీ వచనాలకు ఆ లైసెన్సు వర్తించదు. మనది కానిదాన్ని మనం దానం చేయలేం.

దారులు లేకపోలేదు. వరల్డ్ ఇంగ్లీష్ బైబిల్ పబ్లిక్ డొమైన్‌లో ఉంది, అంటే దాని మీద ఎవరికీ కాపీరైట్ లేదు. బెరియన్ స్టాండర్డ్ బైబిల్‌ను 2023 ఏప్రిల్ 30న పబ్లిక్ డొమైన్‌కు ఇచ్చేశారు. గ్రీకు కావలసినవాళ్ళకు 2010లో వచ్చిన ఎస్‌బీఎల్ గ్రీకు కొత్త నిబంధన సీసీ బై 4.0 కింద దొరుకుతుంది.

ఇదే చిక్కు పాత గ్రంథాల్లోనూ ఉంది. సంస్కర్త కాల్విన్ పదహారో శతాబ్దపువాడు కదా అని ఆయన వేదాంత గ్రంథం ‘ఇన్‌స్టిట్యూట్స్’ ఏ ప్రతి దొరికితే దాన్నే స్కాన్ చేయకండి. బెవరిడ్జ్ 1845 నాటి అనువాదానికి అడ్డు లేదు. బ్యాటిల్స్ 1960 నాటి అనువాదానికి హక్కుదారులున్నారు.

అపోహ: ఎన్‌సీ పెడితే భద్రం

మంచి మనసుతో పెట్టే తాళం ఇది. వాడేవాళ్ళకు మాత్రం అడుగడుగునా సందేహమే. జిరాక్స్ షాపువాడు డబ్బు తీసుకుంటాడుగా, అది వ్యాపారం కాదా? ఈ ప్రశ్న అమెరికాలో కోర్టుకే వెళ్ళింది. గ్రేట్ మైండ్స్ సంస్థ గణిత పాఠాలను బై-ఎన్‌సీ-ఎస్ఏ కింద ఇచ్చింది. బడుల తరఫున వాటిని కాపీలు తీసిన ఫెడెక్స్ ఆఫీస్ మీద దావా వేసింది. షాపు ఇక్కడ బడికి చెయ్యి మాత్రమే, లైసెన్సు మీరలేదు అని 2018లో అప్పీళ్ళ కోర్టు తేల్చింది. అది అమెరికా తీర్పు. మిగతా చోట్ల ఆ సందేహం సందేహంగానే ఉంటుంది. ఫీజు తీసుకునే బైబిల్ కాలేజీ సంగతేమిటి? అచ్చు ఖర్చుకు అమ్మితే? ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు.

అంతకన్నా పెద్ద తలనొప్పి కలపడంలో ఉంది. బై-ఎస్ఏ కథనూ బై-ఎన్‌సీ-ఎస్ఏ వ్యాఖ్యానాన్నీ కలగలిపి ఒకే కొత్త పాఠంగా రాసి పంచడం కుదరదు. రెండు లైసెన్సులూ 'నా షరతే పెట్టు' అంటాయి. విడివిడిగా, ఎవరి లైసెన్సు వాళ్ళకు ఉంచి, ఒకే సంకలనంలో పక్కపక్కన పెట్టవచ్చు. నన్నడిగితే బై-ఎస్ఏ చాలు. ఎవరైనా అమ్ముకున్నా, అదే పాఠాన్ని మీరు ఉచితంగా పంచడాన్ని వాళ్ళు ఆపలేరు.

అపోహ: సంఘంలో చదివేది అసలు వేదాంత విద్య కాదు

1963లో గ్వాటెమాలాలోని ప్రెస్బిటేరియన్ సెమినరీ, ఇల్లూ పనీ వదిలి రాలేని సంఘ నాయకుల దగ్గరకే చదువును తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర పాఠ్యపుస్తకం, వారానికోసారి బోధకుడితో కూర్చోవడం. టీఈఈ (థియలాజికల్ ఎడ్యుకేషన్ బై ఎక్స్‌టెన్షన్) అని ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తున్నది అక్కడ మొదలైందే. డిగ్రీ, గుర్తింపు మాత్రం వేరే విషయం. లైసెన్సు వాటిని ఇవ్వదు, నాణ్యతకూ హామీ కాదు. నాసిరకం పాఠానికి కూడా సీసీ బై పెట్టుకోవచ్చు, చాలామంది పెడుతున్నారు.

అపోహ: పీడీఎఫ్ పెట్టేస్తే పంచినట్టే

మార్చుకోండని చెప్పి, మార్చడానికి వీల్లేని ఫైలు ఇవ్వడం నాకు నచ్చదు. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠాలైతే మరీ ఘోరం, కాపీ చేసి ఇంకోచోట పెడితే అక్షరాలన్నీ పిచ్చిగీతలు. అందుకే పీడీఎఫ్ పక్కనే వర్డ్ ఫైలు కూడా పెడతాం. చివర ఇలా రాస్తాం: “మూలం: ఓపెన్ బైబిల్ స్టోరీస్, అన్‌ఫోల్డింగ్‌వర్డ్, సీసీ బై-ఎస్ఏ 4.0. మా మార్పులు: అనువాదం, చర్చా ప్రశ్నలు. ఈ పాఠమూ అదే లైసెన్సు కింద.” దాని పక్కన మూలం లింకు, లైసెన్సు లింకు.

మొన్న ఒక చిన్న సంఘం నుంచి అబ్రాహాము పాఠం తిరిగొచ్చింది. నాలుగో ప్రశ్న వాళ్ళ పెద్దలకు అర్థం కాలేదట, మార్చి పంపారు. మేం అడిగింది: “ఇస్సాకు బలి సంఘటనలో విశ్వాసపు స్వభావాన్ని వివరించండి.” వాళ్ళు అడిగింది: “కొండ ఎక్కుతూ ఇస్సాకు అడిగిన ప్రశ్నకు అబ్రాహాము ఏం జవాబిచ్చాడు? ఆ జవాబు ఇవ్వడానికి ఆయన ఏం నమ్మి ఉండాలి?” ఇప్పుడు మా పాఠంలోనూ నాలుగో ప్రశ్న అదే, కింద వాళ్ళ సంఘం పేరుతో.