పిట్టగోడ దీపాల అతుకు గురించి తాతయ్య ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీరు డాబా పిట్టగోడ చుట్టూ బిగించిన ఎల్‌ఈడీ స్ట్రిప్ రెండు వానలకే సగం ఆరిపోయిందనీ, దుకాణంవాడు మోసం చేశాడని మీరు అలిగి కూర్చున్నారనీ అమ్మ చెప్పింది. దుకాణంవాణ్ణి కాసేపు పక్కన పెట్టి, మీరు వైరు కలిపిన చోటు విప్పి చూడండి.

ఆ స్ట్రిప్ 12 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. దాని మీద వైరు అతికే ప్లస్, మైనస్ రాగి చుక్కల మధ్య తడి నిలిస్తే, కరెంటు ఆ తడిగుండా పారుతూ ప్లస్ వైపు రాగిని కొంచెం కొంచెంగా కరిగించేస్తుంది. కిందటేడు మన తులసికోట చుట్టూ నేను వేసిన దీపాలకు జరిగింది అదే. విప్పి చూస్తే మైనస్ చుక్క మెరుస్తూనే ఉంది. ప్లస్ చుక్క ఉండవలసిన చోట పచ్చటి చిలుము పట్టి, గోరు తగలగానే పొడిపొడిగా రాలింది. తప్పు నాదే. నీళ్ళు దూరకుండా అతుకు మీద పుల్లటి వెనిగర్ వాసన వేసే సిలికాన్ జిగురు పూశాను, అందులోంచి వెలువడే ఆమ్లం రాగిని తింటుంది. న్యూట్రల్ అని రాసి ఉన్న రకమే కొనాలి.

నొక్కి బిగించే క్లిప్పులు గది లోపల సరిపోతాయి కానీ ఆరుబయట వద్దు. సోల్డరింగ్ చేయండి, అంటే సోల్డర్ అనే లోహాన్ని వేడికి కరిగించి అతకండి. ముందుగా అడాప్టర్ ప్లగ్గు తీసేసి, స్ట్రిప్‌ను గీత ఉన్న చోటే కత్తిరించి, పైన ఉన్న సిలికాన్ పొరను ఒక సెంటీమీటరు మేర బ్లేడుతో, రాగికి గాటు పడకుండా ఒలవండి. వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం, అంటే లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ స్లీవును అప్పుడే వైరుకు తొడగాలి. అతికాక గుర్తొస్తే మళ్ళీ ఊడదీయడమే, నాకు ఇప్పటికీ ఆ మరుపు పోలేదు. చుక్కకూ వైరు కొసకూ విడివిడిగా సోల్డర్ పూసి, రెంటినీ ఆనించి, సోల్డరింగ్ ఐరన్‌ను రెండు సెకన్లకు మించి ఉంచకుండా తీసేయండి, లేకపోతే రాగి చుక్కే పైకి లేచి వస్తుంది. సోల్డర్ బాగా అంటుకోవడానికి వాడే ఫ్లక్స్ మిగిలిపోతే తడిని పట్టి ఉంచుతుంది కనుక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరాక, ఒకసారి వెలిగించి చూసి, మళ్ళీ ప్లగ్గు తీసి, స్లీవును అటూ ఇటూ రెండేసి సెంటీమీటర్లు కప్పేలా జరిపి వేడి గాలి పట్టండి. రెండు కొసల నుంచీ జిగురు సన్నగా ఉబికి వస్తే అతుకు మూసుకున్నట్టే. కొవ్వొత్తి మీద పెడితే మాత్రం బల్బులు మాడిపోతాయి.

స్ట్రిప్ అవతలి కొసను మరిచిపోకండి, నీళ్ళు అటునుంచి కూడా దూరతాయి. మూత తొడిగి, న్యూట్రల్ సిలికాన్ నింపి, ఒక రోజంతా కదపకుండా వదిలేయండి. అతుకు కింద వైరును కాస్త వేలాడనిస్తే వాన చినుకులు అక్కడినుంచే కారిపోతాయి. అడాప్టర్ గోడకు లోపలి వైపే ఉండాలి. ఆ 230 వోల్టుల పని నాన్నకు వదిలిపెట్టండి.

మీ 10 మిల్లీమీటర్ల స్ట్రిప్‌కు సరిపోయేలా 12 మిల్లీమీటర్ల స్లీవు ముక్కలు ఆరు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఒకటి రెండు పాడైనా ఫరవాలేదు.

మీ తాతయ్య