ఓట్లేసి ఎన్నుకున్న ప్రభుత్వం బయటి దేశాలను దోచదా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రజాస్వామ్య దేశాలు నియంతల జోలికే వెళ్తాయి.

రాజనీతిశాస్త్రం చెప్పే నాకు ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురయ్యే మాట ఇది. అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేదీ ఇదే.

1951లో ఇరాన్ పార్లమెంటు చమురును జాతీయం చేసింది. దాన్ని అమలు చేసిన ప్రధాని మొసాదెగ్. అప్పటిదాకా ఆ చమురు బ్రిటన్ ప్రభుత్వానికి మెజారిటీ వాటా ఉన్న కంపెనీది. 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు సీఐఏ, ఎంఐ6 కలిసి ఆయన్ను దించేశాయి. డబ్బులిచ్చి గుంపులను దింపారు, పత్రికల్లో రాయించారు, చివరికి ఆయన ఇంటి మీదికే ట్యాంకులొచ్చాయి. మూడేళ్లు జైలు, ఆపైన 1967లో చనిపోయేదాకా గృహనిర్బంధం. కమ్యూనిజం భయమూ ఉంది, కాదనను. కానీ 1954లో ఇరాన్ చమురు మీద కుదిరిన ఒప్పందం చూడండి: పాత బ్రిటిష్ కంపెనీకి 40 శాతం, అమెరికన్ కంపెనీలకు 40 శాతం.

ఎన్నికలున్నా ఇదెలా సాధ్యం? పాలకుడు జవాబు చెప్పుకోవాల్సింది తనకు ఓటేసేవాళ్లకే. దెబ్బ తగిలేది ఆ ఓటు లేనివాళ్లకు. ఓటిచ్చిన చోటా తూకం వేరే: ఫ్రాన్స్ 1947 చట్టం ప్రకారం, అప్పట్లో తన ఏలుబడిలో ఉన్న అల్జీరియా సభలో సుమారు పది లక్షల యూరోపియన్లకు 60 సీట్లు, దాదాపు ఎనభై లక్షల ముస్లింలకూ అవే 60.

అపోహ: అల్‌ఖైదా సీఐఏ సృష్టి.

దయచేసి ఈ ఫార్వర్డ్‌లు ఆపండి. 1980లలో సీఐఏ పాకిస్తాన్ ఐఎస్ఐ ద్వారా సోవియట్ సైన్యంతో పోరాడుతున్న అఫ్గాన్ ముజాహిదీన్‌లకు డబ్బు, ఆయుధాలు పంపింది. ఆ యుద్ధంలో జిహాదీ ముఠాలు బలపడ్డాయి. బిన్ లాడెన్‌కు సీఐఏ నేరుగా జీతమిచ్చిందనడానికి ఆధారం లేదు. నిజమే ఇంత ఘోరంగా ఉంటే పుకారెందుకు?

అపోహ: అయితే ప్రజాస్వామ్యమే దండగ.

కాదు. విదేశీ నేతలను చంపించడానికి సీఐఏ పన్నిన కుట్రలను 1975లో బయటపెట్టింది అమెరికా సెనేట్‌లోని చర్చ్ కమిటీయే.

అపోహ: ఇవి మాట్లాడితే ఉగ్రవాదాన్ని సమర్థించినట్టే.

ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం కోసం అల్జీరియాలో జరిగిన యుద్ధం మీద ప్రాజెక్టు మొదలుపెట్టిన ఒక విద్యార్థిని సగంలో టెన్షన్‌తో వచ్చింది. "ఇది రాస్తే బాంబులు పెట్టినవాళ్లను వెనకేసుకొచ్చినట్టు కాదా సార్?" అని. కాదమ్మా. కేఫ్‌లో కూర్చున్న మామూలు జనాన్ని బాంబుతో చంపడం నేరమే, ఫ్రెంచ్ సైన్యం పెట్టిన చిత్రహింసలూ నేరమే. రెండూ ఒకే పేజీలో రాయి అన్నాను. నాజీల మీద పోరాడిన ఫ్రెంచ్ జనరల్ బొలార్దియేర్ 1957లో ఆ చిత్రహింసలను బహిరంగంగా ఖండించి, 60 రోజుల నిర్బంధ శిక్ష అనుభవించారు. ఆయన్ని ఉగ్రవాదుల మనిషి అనగలరా?