36కి 59 ఎలా కలిపావు?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఫోనులో మాట్లాడే ఏఐ "ఆలోచిస్తున్నాను", "నాకు అర్థమైంది" అంటోంది కదా, దానికి నిజంగా మనలాగే తెలుస్తుందా అని అడిగారు. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఆలోచించడం ఒకటి. ఆలోచిస్తున్నది తానేనని తనకు తెలియడం మరొకటి.

మొదటి ప్రశ్నకు గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1950లోనే ఒక పరీక్ష చెప్పాడు. అవతల ఉన్నది ఎవరో కనపడకూడదు, ప్రశ్నలూ జవాబులూ రాతలోనే నడవాలి. జవాబిచ్చేది మనిషో యంత్రమో పోల్చుకోలేకపోతే యంత్రం నెగ్గినట్టే. కానీ మనుషులు తేలిగ్గా నమ్మేస్తారు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ రాసిన ఎలైజా అనే ప్రోగ్రాముకు "అమ్మ" అన్న మాట కనపడితే చాలు, "మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండి" అనేది. అర్థం చేసుకునే భాగమే అందులో లేదు. అయినా జనం దానికి మనసు విప్పి చెప్పుకున్నారు.

ఇప్పటి ఏఐ అంత చిన్నది కాదు. మనుషులు రాసిన లెక్కలేనంత రాత ముందుపెట్టి, తర్వాత రాబోయే మాట ముక్కేమిటో చెప్పమంటారు. తప్పినప్పుడల్లా లోపలి అంకెల్ని పిసరంత సవరిస్తారు. "అమ్మ అన్నం" తర్వాత "పెట్టింది" అని పట్టుకోవడం తేలికే. లెక్కల పుస్తకంలో తర్వాతి అంకె పట్టుకోవాలంటే మాత్రం లెక్క చేయడం రావాలి. అలా వచ్చినదాన్ని ఆలోచన అనడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

రెండో ప్రశ్న దగ్గరే జాగ్రత్త కావాలి. 2025లో ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ పరిశోధకులు తాము తయారుచేసిన ఏఐకి 36+59 ఇచ్చి, లోపల ఏం జరుగుతోందో చూశారు. ఒక దారిలో మొత్తం సుమారుగా ఎంతో అంచనా వేసింది. ఇంకో దారిలో 6, 9 కలిస్తే చివర 5 వస్తుందని తేల్చింది. రెండూ కలిపి 95 అంది. ఎలా చేశావని అడిగితే ఒకట్ల స్థానం కూడి, 1 మిగులు పట్టుకుని, పదుల స్థానం కలిపానని బడిపాఠం అప్పజెప్పింది. లోపల జరిగింది అది కాదు.

మనుషులూ ఇలా చేస్తారు. 1977లో నిస్బెట్, విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రాసిన ప్రయోగంలో నాలుగు జతల మేజోళ్లు వరసగా పెట్టి మంచివి ఎంచమన్నారు. నాలుగూ ఒకటే రకం. అన్నిటికన్నా ఎక్కువమంది కుడి చివరివి ఎంచారు. ఎందుకని అడిగితే, అవి ఉన్న చోటు వల్లనని ఒక్కరూ అనలేదు. అయితే ఒక తేడా ఉంది. పసిబిడ్డకు "ఆకలి" అనే మాట రాకముందే ఆకలి ఉంటుంది. ఏఐకి ముందు అందింది మాటే.

అందుకే "నాకు బాధగా ఉంది" అని అది అన్నంత మాత్రాన సాక్ష్యం అనుకోకండి. "నాకేమీ లేదు" అన్నా అంతే. స్పృహను తేల్చే పరీక్ష ఇంకా ఎవరి దగ్గరా లేదు.

మీరే చూడండి. ఒక చాట్‌లో "నీకు భయమేస్తోంది కదూ?" అనీ, వేరే కొత్త చాట్‌లో "నీకు భయమంటూ ఏమీ ఉండదు కదూ?" అనీ అడగండి. రెండు జవాబులూ పక్కపక్కన రాసుకుని, ప్రశ్న ఎటు మొగ్గితే జవాబు అటు మొగ్గిందేమో గమనించి నాకు రాయండి.

మీ తాతయ్య