వెట్ గ్యాస్, వెంచురీ మీటర్: అపోహలు - వాస్తవాలు

అపోహ: గ్యాస్‌లో ఒక్క శాతం లిక్విడ్ ఉంటే మీటర్‌కి ఏమీ కాదు

వెట్ గ్యాస్ అంటే కొంత లిక్విడ్ కలిసిన గ్యాస్. వెంచురీ మీటర్ అంటే మధ్యలో ఇరుకయ్యే పైపు ముక్క, ఆ ఇరుకు (థ్రోట్) దగ్గర పీడనం ఎంత తగ్గిందో (ఈ తేడానే డీపీ) చూసి ప్రవాహాన్ని లెక్కగడతాం. అపోహల్లో ఎక్కువగా వినిపించేది ఇదే, ఎక్కువ డబ్బు పోయేదీ దీనివల్లే. లెక్కేసి చూద్దాం. 8 అంగుళాల లైన్. గ్యాస్ సాంద్రత ఘనపు మీటరుకు 50 కిలోలు, కండెన్సేట్‌ది (గ్యాస్‌తో పాటు వచ్చే ద్రవ హైడ్రోకార్బన్లది) 750. సెకనుకు 10 కిలోల గ్యాస్, దాంతోపాటు 2 కిలోల కండెన్సేట్ పోతున్నాయనుకోండి. ఘనపరిమాణంలో లిక్విడ్ వాటా సుమారు 1.3 శాతమే. కానీ ఇక్కడ పనికొచ్చే సంఖ్య లాక్‌హార్ట్-మార్టినెల్లి పరామితి. లిక్విడ్ ద్రవ్యరాశి ప్రవాహాన్ని గ్యాస్‌ది పెట్టి భాగించి, గ్యాస్-లిక్విడ్ సాంద్రతల నిష్పత్తి వర్గమూలంతో గుణిస్తే అది వస్తుంది, మన లైన్లో 0.052. దీన్ని, లిక్విడ్ వల్ల మీటర్ ఎంత ఎక్కువ చూపిస్తుందో (ఓవర్ రీడింగ్) చెప్పే చిజమ్ సూత్రంలో వేసి, వెంచురీల కోసం పరిశోధకుడు డి లియు 1997లో ఇచ్చిన ఘాతం 0.41 వాడితే, మీటర్ 8.5 శాతం ఎక్కువ చూపిస్తుందని తేలుతుంది. అంటే రోజుకు 864 టన్నులు పోతుంటే మనం 937 అని రాసుకుంటాం!

కేజీ బేసిన్ కావచ్చు, నార్త్ సీ కావచ్చు, బావి నుంచి గ్యాస్‌తో పాటు ఎంతో కొంత కండెన్సేట్, నీళ్లు వస్తూనే ఉంటాయి కాబట్టి ఇదేదో అరుదైన కేసు అనుకోకండి.

అపోహ: లిక్విడ్ థ్రోట్‌లో చోటు తీసుకుంటుంది, అందుకే డీపీ పెరుగుతుంది

కొంతవరకు నిజమే, కానీ అసలు కారణం అది కాదు. పైపులో లిక్విడ్ కొంత గోడలకు పొరలా అంటుకుని నెమ్మదిగా పాకుతుంది, మిగతాది తుంపరలుగా గ్యాస్‌తో కలిసి ఎగురుతుంది. పైపు ఇరుకయ్యే చోట గ్యాస్ ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. తుంపర దానికంటే ఎన్నో రెట్లు బరువైనది, అంత త్వరగా వేగం పుంజుకోలేదు. దాన్ని లాక్కెళ్లే పని గ్యాస్ మీదే పడుతుంది, ఆ పనికి అయ్యే ఖర్చు పీడనం నుంచే పోతుంది. డీపీలో అదనంగా కనిపించేది చాలావరకు ఈ ఖర్చే. థ్రోట్ చేరేసరికి కూడా పెద్ద తుంపరలు గ్యాస్ వేగాన్ని పూర్తిగా అందుకోవు, డైవర్జెంట్ (మళ్లీ వెడల్పయ్యే) భాగంలో గ్యాస్ నెమ్మదించాక ఇవే దానికంటే ముందుకు దూసుకెళ్తాయి.

మోడలింగ్‌లో చిక్కంతా ఇక్కడే. రెండూ ఒకే వేగంతో పోతున్నాయనుకునే హోమోజీనియస్ మోడల్ (చిజమ్ సూత్రంలో ఘాతం 0.5 పెడితే వచ్చేది ఇదే) పై లైన్‌కి 10.3 శాతం చెబుతుంది. ఆరిఫిస్ ప్లేట్ల (మధ్యలో రంధ్రం ఉన్న పలకతో కొలిచే మీటర్ల) డేటాతో 1962లో వచ్చిన మర్డాక్ సూత్రం 6.5 శాతం అంటుంది. లైన్ అదే, ప్రవాహం అదే, జవాబులు మూడు.

అపోహ: మంచి కోరిలేషన్ (టెస్టు డేటా నుంచి తీసిన సూత్రం) ఒకటి దొరికితే అన్ని చోట్లా అదే పెట్టుకోవచ్చు

అదే ప్రవాహాన్ని 6 అంగుళాల లైన్లోకి మార్చండి. గ్యాస్ వేగం పెరిగి ఫ్రూడ్ సంఖ్య (గురుత్వంతో పోలిస్తే గ్యాస్ ఊపు ఎంతో చెప్పేది) 1.2 నుంచి 2.5 దాకా వెళ్తుంది, గోడ మీది పొర చిరిగి తుంపరలు ఎక్కువవుతాయి, డి లియు సూత్రంలోనే ఘాతం 0.51 అవుతుంది, ఓవర్ రీడింగ్ 10.5 శాతానికి చేరుతుంది. పైగా ఆ సూత్రం వచ్చింది బీటా (థ్రోట్ వ్యాసానికీ పైపు వ్యాసానికీ ఉన్న నిష్పత్తి) 0.4 ఉన్న 4 అంగుళాల వెంచురీ మీద చేసిన టెస్టుల నుంచి. తర్వాత 2012లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నివేదిక ఐఎస్ఓ టీఆర్ 11583 బీటానీ, లిక్విడ్ నీళ్లా హైడ్రోకార్బనా అన్నదాన్నీ లెక్కలోకి తీసుకుంది. డిశ్చార్జ్ కోఎఫిషియెంట్‌ని (ఆదర్శ లెక్కని అసలు ప్రవాహానికి సరిచేసే గుణకాన్ని) కూడా పొడి గ్యాస్‌కి వాడే విలువ దగ్గర వదిలేయకుండా మార్చింది. డేటాషీట్‌లో 0.995 ఉంది కదా అని అలాగే ఉంచేసేవాళ్లు ఇది గమనించాలి.

అపోహ: సీఎఫ్‌డీ (ప్రవాహాన్ని కంప్యూటర్లో అనుకరించడం) చేస్తే టెస్ట్ లూప్ (నిజమైన ప్రవాహంతో మీటర్‌ని పరీక్షించే ఏర్పాటు) అక్కర్లేదు

రంగుల బొమ్మలు చూసి మేనేజ్‌మెంట్ ముచ్చటపడుతుంది, నిజమే. కానీ లిక్విడ్‌లో ఎంత భాగం పొరగా ఉంది, ఎంత తుంపరగా ఉంది, తుంపర సైజు ఎంత అన్నవి ఇన్‌లెట్‌లో మనమే ఇవ్వాలి, లేదంటే మళ్లీ ఏదో కోరిలేషన్ నుంచే తేవాలి. సైజు మారిస్తే డీపీ మారిపోతుంది. కన్వర్జెంట్ (ఇరుకయ్యే భాగం) కోణం మారిస్తే ఏమవుతుంది, ట్యాపింగ్ (పీడనం కొలిచే రంధ్రం) ఎక్కడ పెట్టాలి లాంటి పోలికలకు సీఎఫ్‌డీ చక్కగా పనికొస్తుంది, నేనూ వాడతాను. డబ్బు లెక్కగట్టే మీటర్‌కి మాత్రం దాని అంకె ఒక్కటే పట్టుకుని సంతకం పెట్టను.

అపోహ: కరెక్షన్ ఫ్లో కంప్యూటర్లో ఉంది, ఇక టెన్షన్ లేదు

ఒక్క డీపీ నుంచి గ్యాస్, లిక్విడ్ రెండూ తెలియవు. లిక్విడ్ ప్రవాహాన్ని టెస్ట్ సెపరేటర్ (గ్యాస్, లిక్విడ్ విడదీసి కొలిచేది) నుంచో, ట్రేసర్ పద్ధతి (గుర్తుపట్టగల పదార్థం కలిపి కొలవడం) నుంచో తెచ్చి మనం ఇవ్వాలి, కంప్యూటర్ దాన్ని పట్టుకుని ఐటరేషన్ చేస్తుంది (జవాబు కుదిరేదాకా లెక్కని మళ్లీ మళ్లీ వేస్తుంది). ఇప్పుడు బావిలో నీళ్లు పెరిగి లిక్విడ్ 2 నుంచి 3 కిలోలైంది, కంప్యూటర్లో ఇంకా పాత 2 అంకే ఉంది అనుకోండి. కరెక్షన్ చేశాక కూడా గ్యాస్ 4 శాతం ఎక్కువే చూపిస్తుంది, అలారం ఏదీ మోగదు. వెంచురీ తర్వాత మూడో ట్యాపింగ్ పెట్టి, మొత్తం పీడన నష్టానికీ డీపీకీ ఉన్న నిష్పత్తిని చూస్తే లిక్విడ్ పెరిగిన సంగతి తెలుస్తుంది. కానీ లిక్విడ్ ఒక స్థాయి దాటాక ఆ నిష్పత్తి పెద్దగా కదలదు, అక్కడ దాని మీద ఆధారపడలేం.

ఇంకొకటి. అడ్డంగా వేసిన లైన్లో ట్యాపింగులు కింది వైపు ఉంటే ఇంపల్స్ లైన్లలోకి (ట్యాపింగ్ నుంచి పీడనం కొలిచే ట్రాన్స్‌మిటర్‌కి వెళ్లే సన్నని గొట్టాల్లోకి) కండెన్సేట్ దిగి నిలబడుతుంది, అప్పుడు ఏ మోడల్ వాడినా ఒకటే. పైవైపు ట్యాపింగ్, ట్రాన్స్‌మిటర్ ఇంకా పైన, లైన్లు వాలుగా. డ్రాయింగ్‌లో సరిగ్గానే ఉంటుంది, సైట్‌కి వెళ్లి మీరే చూడండి.