పర్లాకిమిడిలో ఇద్దరు సూర్యుళ్లు

"మావయ్యా, మార్చి ఇరవయ్యారు పొద్దున్న ఆరింటికి ఆగిపోతోంది. ఏటి చేసినా కదలట్లేదు" అంటూ మా మేనకోడలు లాప్‌టాప్ బ్యాగుతో గుణుపురం రైలు దిగి నేరుగా మా ఇంటికి వచ్చేసింది. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. పర్లాకిమిడి శివార్లలో 50 మెగావాట్ల సోలార్ థర్మల్ ప్లాంటు పెడితే ఏడాదికి ఎంత కరెంటు వస్తుందో కంప్యూటర్లో లెక్కగట్టడం దాని ప్రాజెక్టు. ఉత్త కాగితం మీద ప్లాంటే, కానీ టెన్షన్ మాత్రం నిజమైనదే. వచ్చే వారం రిపోర్టు ఇవ్వాలి.

ఇంటి డాబాల మీద పెట్టే పలకల్లాంటిది కాదు ఈ ప్లాంటు. పలక వెలుగును తిన్నగా కరెంటుగా మారుస్తుంది. సోలార్ థర్మల్‌లో ముందు ఎండను వేడిగా మార్చుకోవాలి. దోనెలాగా వంచిన పొడవాటి అద్దాలు సూర్యుడితో పాటు తిరుగుతూ, ఎండనంతా మధ్యలో ఉన్న గొట్టం మీదికి పోగేస్తాయి. గొట్టంలో పారే నూనె సుమారు 290 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లి 390 దగ్గర బయటికి వస్తుంది. ఆ వేడితో నీటిని ఆవిరి చేసి టర్బైను తిప్పుతారు. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినవాళ్లకి దీని కిటుకు వేరే చెప్పక్కర్లేదు. మబ్బు పట్టినప్పుడు పగటి వెలుగు ఎంత ఉన్నా కాగితం కాలదు. అద్దానికైనా భూతద్దానికైనా కావలసింది సూర్యుడి నుంచి తిన్నగా, నీడ పడేలా వచ్చే ఎండ మాత్రమే. ఇంజనీర్లు దాన్ని డీఎన్ఐ అంటారు. నేను నేరు ఎండ అంటాను.

కంప్యూటర్ చేసే పనిని వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడుకోవడంతో పోల్చవచ్చు. బకెట్లో నీళ్లు మరీ వేడిగా ఉంటే ఒక చెంబు చన్నీళ్లు పోస్తాం, చెయ్యి పెట్టి చూస్తాం, ఇంకో అర చెంబు పోస్తాం. నాలుగైదు సార్లకి కుదురుతుంది. ప్రోగ్రాము కూడా గంట గంటకీ ఇదే చేస్తుంది. ఈ గంటలో ఎండ ఇంత ఉంది, నూనె 390 డిగ్రీలకు రావాలంటే ఎంత వేగంగా పారాలి? ఒక వేగం ఊహించి లెక్క వేస్తుంది. వేడి ఎక్కువైతే వేగం పెంచుతుంది, తక్కువైతే తగ్గిస్తుంది. ఏడాదికి 8,760 గంటలు, 8,760 స్నానాలు. ఏదో ఒక గంట దగ్గర ఎన్నిసార్లు పోసినా నీళ్లు కుదరకపోతే, లెక్క తేలలేదని ఎర్ర అక్షరాలతో చెప్పి ఆగిపోతుంది.

మా పిల్ల ఈ సందేశం చూడగానే అందరూ చేసే పనే చేసింది. ఎన్నిసార్లు ప్రయత్నించాలన్న హద్దును 50 నుంచి 500కి పెంచింది. అప్పటికీ ఆగిపోతే, ఎంత తేడాను ఒప్పుకోవచ్చన్న అంకెను సడలించింది. ఈ రెండోది నాకు అస్సలు నచ్చదు. సడలించుకుంటూ పోతే ఏదో ఒక చోట ప్రోగ్రాము సరేనంటుంది, ఆ సరేకి విలువ ఉండదు. ఎర్ర అక్షరాలు కనిపించినప్పుడు సెట్టింగుల్లోకి కాదు, ఆ గంటకు సంబంధించిన వరుసలోకి వెళ్లాలి. "మార్చి 26, ఆరు గంటల వరుస తెరువు. నేరు ఎండ ఎంతుందో చదువు" అన్నాను.

"రెండు వేల రెండు వందల తొంభై రెండు."

చదరపు మీటరుకు 2,292 వాట్లు! భూమి వాతావరణం పైన, గాలీ ధూళీ ఏమీ లేనిచోట సూర్యుడు ఇచ్చేదే సుమారు 1,361 వాట్లు. అంటే ఆ పొద్దున్న మా ఊరి తూర్పున ఇద్దరు సూర్యుళ్లకు కాస్త తక్కువగా పొడిచారన్నమాట. పాపం, ఆ వేడికి సరిపడా నూనెను ఏ పంపు పారించగలదు? ప్రోగ్రాము ఆగిపోవడం న్యాయమే.

ఇద్దరు సూర్యుళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారంటే, భాగహారం నుంచి. మా పిల్లకు దొరికిన ఉపగ్రహ సమాచారంలో నేరు ఎండ లేదు. నేల మీద పడే మొత్తం ఎండ, ఆకాశమంతటి నుంచి చెదిరి వచ్చే వెలుగు, ఈ రెండే ఉన్నాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి, సూర్యుడి ఎత్తు కోణం సైనుతో భాగిస్తే నేరు ఎండ వస్తుంది. సూత్రంలో తప్పు లేదు. ఆ వరుసలో తీసివేత ఫలితం 40 వాట్లు. సూర్యుడు 8 డిగ్రీల ఎత్తులో ఉంటే 40ని 0.139తో భాగించాలి, 287 వాట్లు వస్తుంది. పొద్దున్నపూట ఎండకి అది నమ్మదగిన అంకె. అదే సూర్యుడు ఒక్క డిగ్రీ ఎత్తులో ఉన్నాడనుకుంటే 0.01745తో భాగించాలి. వచ్చేది 2,292. సున్నాకి దగ్గరగా ఉన్న సంఖ్యతో భాగించేటప్పుడు చిన్న తప్పు కొండంతవుతుంది. అందుకే ఈ రకం లెక్కల్లో గొడవలన్నీ సూర్యోదయం, సూర్యాస్తమయం గంటల్లోనే పుడతాయి. మధ్యాహ్నం ఇదే తప్పు ఉన్నా ఎవరి కంటా పడదు.

మరి 8 డిగ్రీల సూర్యుడు ఒక డిగ్రీకి ఎలా దిగాడు? ఉపగ్రహ సమాచారం గ్రీనిచ్ టైములో ఉంది. మన టైముకి మార్చాలంటే ఐదున్నర గంటలు కలపాలి. కలిపితే వరుసలు 5:30, 6:30, 7:30 అని వస్తాయి. ప్రోగ్రాముకి ఇచ్చే ఫైల్లో గుండ్రంగా గంటలుంటే బాగుంటుందని మా పిల్ల ఆ అరగంటను తీసేసింది. ఆరున్నరకి కొలిచిన ఎండ మీద ఆరు అని రాసింది. కోణమేమో ఆరింటి సూర్యుడిది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అరగంటకు ఏడున్నర. పొద్దున్న సూర్యుడు మా దగ్గర కొంచెం ఏటవాలుగా ఎక్కుతాడు కాబట్టి ఎత్తులో తేడా ఏడు డిగ్రీలు. లెక్క సరిపోయింది.

ఈ అరగంట మన దేశపు టైముతో వచ్చింది. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకుని 1906 జనవరి 1 నుంచి ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చింది. అంతకుముందు రైళ్లకు మద్రాసు టైము ఉండేది. మా నౌపడ–పర్లాకిమిడి రైలు మార్గం 1900లోనే వచ్చింది కాబట్టి, మా ఊరి సూర్యుడికీ స్టేషను గడియారానికీ అప్పట్లో పావుగంట తేడా ఉండి ఉండాలి. ఇప్పుడూ కాస్త ఉంది. మా రేఖాంశం సుమారు 84.1. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. కాబట్టి ఏడాది సగటున మాకు సూర్యుడు నడినెత్తి గీత దాటేది 11:54కి. రోజును బట్టి పావుగంట దాకా అటూ ఇటూ మారుతుంది.

దీంతో మంచి పరీక్ష ఒకటి దొరుకుతుంది. మబ్బులేని రోజు ఒకటి ఎంచుకుని మొత్తం ఎండను గీత గీయాలి. గోపురంలా వస్తుంది. శిఖరం సూర్యుడి మధ్యాహ్నం దగ్గర ఉండాలి, రెండు భుజాలూ ఒకేలా జారాలి. మా పిల్ల గీతలో శిఖరం పదకొండున్నరకే వచ్చేసింది. నేరు ఎండ గీత మరీ విడ్డూరం. పొద్దున్న కొమ్ము మొలిచింది, సాయంత్రం భుజం కుంగిపోయింది. ఎడమ కుడి పొంతన లేకపోతే ముందు గడియారాన్ని అనుమానించాలి, ఆ తర్వాతే మిగతావి.

అరగంట సరిచేశాక ప్రోగ్రాము గడగడా చివరిదాకా నడిచింది. పిల్ల చప్పట్లు కొట్టింది. నాకు భయం మొదలైంది అక్కడే. ఆగిపోయిన లెక్క కనీసం తాను తప్పని చెబుతుంది. నడిచిన లెక్క ఏమీ చెప్పదు.

దోనెల ప్లాంటుతో పోల్చడానికి అది టవర్ తరహా ప్లాంటు కూడా వేసింది. అందులో వందల అద్దాలు ఒక ఎత్తైన స్తంభం మీది రిసీవరుకు ఎండను పంపుతాయి, కరిగించిన ఉప్పు 565 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. రిసీవరు నుంచి బయటికి పోయే వేడిని ఎక్సెల్‌లో సొంతంగా వేసుకుంది. ఆ పోయే వేడి ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది, కానీ కెల్విన్లలో. 565 సెల్సియస్ అంటే 838 కెల్విన్లు. తను 565నే పెట్టేసింది. 838ని 565తో భాగించి నాలుగో ఘాతం చేస్తే 4.8 వస్తుంది. నష్టం దాదాపు ఐదో వంతుకి పడిపోయింది. ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు, పైగా టవర్ భలే బాగుందనిపించింది. అద్దాల వంకర విషయంలోనూ అంతే. అద్దం 2 మిల్లీరేడియన్లు (కోణాన్ని కొలిచే చిన్న కొలత) వంగితే కిరణం 4 మిల్లీరేడియన్లు పక్కకు పోతుంది, 100 మీటర్ల దూరంలో 40 సెంటీమీటర్లు తప్పుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ అద్దం వంకర అడుగుతుంది, ఇంకోటి కిరణం వంకర అడుగుతుంది. చూసుకోకుండా అంకె ఎక్కిస్తే రెట్టింపో సగమో అయిపోతుంది.

ఇలాంటివాటికి నా దగ్గరున్న మందు చేత్తో వేసే మోటు లెక్క. తన ప్లాంటులో అద్దాలు 3 లక్షల చదరపు మీటర్లు. ఎండ 800 వాట్లు అనుకుంటే పడేది 240 మెగావాట్లు. అద్దాల్లో, గాజులో, కోణంలో పోగా నూటికి డెబ్బై మిగిలితే 168. గొట్టాల నుంచి కొంత పోతుంది, 155 అనుకుందాం. 50 మెగావాట్ల టర్బైను నూటికి 37 చొప్పున మారిస్తే దానికి కావలసిన వేడి 135. సరిపోతుంది. కంప్యూటరు ఇదే గంటకు 152 అన్నా 159 అన్నా నాకు పేచీ లేదు. 220 అంటే మాత్రం ఆరోజు పని అక్కడితో ఆపి వెతుకుతాను.

ఇంతకీ దోనెల ప్లాంటులో అసలు లోపం ఇంకోటి బయటపడింది. ఇటువంటి లెక్కలకు ఎక్కువమంది వాడేది అప్పట్లో ఎన్‌ఆర్‌ఈఎల్ అనే పేరున్న అమెరికా ప్రభుత్వ పరిశోధనశాల తయారుచేసిన సిస్టమ్ అడ్వైజర్ మోడల్. ఉచితం, మంచి సాధనం. అందులో ఎంత ఎండకి ప్లాంటు డిజైన్ చేయాలన్న గడిలో ముందే 950 వాట్లు అని ఉంటుంది. ఎడారి గాలికి అది సరే. మా దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం బయట నిలబడి చూడండి. ఉక్కపోత, తెల్లగా మెరిసే ఆకాశం, ఒళ్లు కాలిపోయే వేడి. కానీ నీడ అంచులు మసకగా ఉంటాయి. తేమ, ధూళి, పొగ కలిసి నేరు ఎండను చెదరగొట్టేస్తాయి. మనిషికి మాడుతుంది, అద్దానికి చాలదు. 950ని అలాగే ఉంచేస్తే ప్రోగ్రాము అద్దాలు తక్కువ లెక్కగడుతుంది, టర్బైను ఏడాదంతా అర్ధాకలితో తిరుగుతుంది.

పిల్లలనే ఎందుకనాలి? ఎండ లెక్కలో దేశమే ఓసారి తడబడింది. జాతీయ సోలార్ మిషన్ కింద 2010లో 470 మెగావాట్ల సోలార్ థర్మల్ ప్లాంట్లు ఏడు వేలంలో ఇచ్చారు. నేల మీద కొలిచిన నేరు ఎండ సమాచారం అప్పటికి చాలా తక్కువ. చెన్నైలోని గాలి విద్యుత్ పరిశోధన సంస్థ సి-వెట్ 51 చోట్ల కొలత కేంద్రాలు పెట్టింది 2011లో, అంటే వేలం అయిపోయాక. ఉపగ్రహ అంచనాల కంటే నేల మీద ఎండ తక్కువని తేలి కొన్ని ప్లాంట్ల డిజైన్లు మళ్లీ మొదటికొచ్చాయి. డబ్బు, దిగుమతులు, చవకైపోయిన పలకలు లాంటి కారణాలూ తోడయ్యాయి. చివరికి ఆ ఏడింటిలో నడిచే స్థితికి వచ్చినవి మూడు. వాటిలో ఒకటి మన అనంతపురం జిల్లా నాగలాపురంలోని 50 మెగావాట్లది.

ఒక చోట మాత్రం మా పిల్ల తప్పు లేనిదాన్ని తప్పనుకుంది. రాత్రి గంటల్లో కరెంటు మైనస్‌లో వస్తోందని, ఆ అంకెలన్నీ సున్నాలు చేసేసింది. మైనస్సే సరైనది! రాత్రి కూడా పంపులు తిరగాలి. ఉప్పు వాడే ప్లాంటైతే అది 240 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది కాబట్టి వెచ్చగా ఉంచాలి. ఆ కరెంటు బయటి నుంచే కొనాలి. సున్నాలు తీసేయించాను, మొహం ముడుచుకుంది.

చివరగా నేను పెట్టిన పరీక్ష పుస్తకాల్లో ఉండదు. తన ఫైలు 2018 సంవత్సరానిది. "అక్టోబరు పదకొండు తెరువు" అన్నాను. ఎందుకో దానికి వెంటనే అర్థమైంది. ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా పోయింది. ఆ రోజు ఫైల్లో ఎండ కాస్తే తేదీలు జరిగిపోయినట్టే. వరుసన చూసుకుంటూ వెళ్లింది. నేరు ఎండ దగ్గర అన్నీ సున్నాలు. కొన్ని ఫైళ్లలో ఒక్కో నెలను ఒక్కో ఏడాది నుంచి తెచ్చి అతుకుతారు, వాటికి ఈ పరీక్ష పనిచేయదు.

అన్నీ సరిచేశాక వచ్చిన ఏడాది మొత్తం, మొదటి లెక్కలో సగానికి కాస్త పైన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గీత నేలకు అంటుకుపోయింది. "అయితే మన ఊళ్లో ఇది దండగే కదా మావయ్యా" అంది. దండగే అన్నాను. మహేంద్రగిరి మబ్బులు చూసిన ఎవరికైనా తెలిసిన సంగతే.

వాళ్ల సారు పోల్చడానికి రెండో చోటు కావాలన్నారట. ఒడిశా అంచున ఉన్న మాలాగే మహారాష్ట్ర అంచున తెలుగు మాట్లాడే ఊరు, ప్రాణహిత గోదావరిలో కలిసేచోట ఉన్న సిరొంచ వేసుకోమన్నాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది. లెక్క నడిచిందట, ఎర్ర అక్షరాలేవీ రాలేదట.

"కానీ మావయ్యా, సిరొంచ రేఖాంశం సుమారు ఎనభై. అక్కడ మధ్యాహ్నం మనకంటే పదహారు నిమిషాలు లేటుగా రావాలి కదా. నా గీతలో రెండు ఊళ్లకీ ఒకేసారి వస్తోంది."

"ఏం చేశావేంటి?"

"మన ఊరి ఫైలుకే పేరు మార్చి పెట్టేసినట్టున్నాను" అంది నవ్వుతూ.